గేర్లు లేని కొండ సైకిల్, కొండ లేని ఊరు

పాత మౌంటెన్ బైక్ చవగ్గా దొరుకుతోందా? జేబులో చెయ్యి పెట్టే ముందు చూడాల్సింది దాని రంగును కాదు

వేసవి ముదిరేసరికి భిలాయ్ స్టీల్ టౌన్‌షిప్‌లో సామాను సర్దుకునే కాలం వస్తుంది. పన్నెండో తరగతి ముగించిన పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల దారి పడతారు. రిటైరైన పెద్దల్లో కొందరు క్వార్టర్ అప్పజెప్పి సొంతూరికి బయల్దేరతారు. మంచాలు, బీరువాలు లారీ ఎక్కుతాయి. వరండాలో గోడకు ఆనించి ఉన్న సైకిల్ మాత్రం తరచు అక్కడే మిగిలిపోతుంది. దాన్ని కొనేవాళ్లు సాధారణంగా పక్క వీధిలోనే ఉంటారు.

సెక్టర్ 7లో అలాంటి ఓ తెలుగు ఇంటిని తీసుకోండి. తాత ప్లాంటులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. తండ్రి ఇప్పుడు అదే ప్లాంటులో షిఫ్టు డ్యూటీలో ఉన్నారు. మనవరాలికి పదిహేను దాటాయి, ఈ ఏడు పదకొండో తరగతి. పొద్దున బడి, సాయంత్రం కోచింగ్, మధ్యలో అన్నానికి ఓసారి ఇల్లు. రెండు వీధుల అవతల ఓ పాత మౌంటెన్ బైక్ అమ్మకానికి ఉంది. లావు టైర్లు, ముందు షాకులు, వెనక డిస్క్ బ్రేకు. గేర్లు లేవు. అడుగుతున్నది 3,000 రూపాయలు. అమ్మాయికి చూడగానే నచ్చింది. తల్లికి సందేహం. తాతకు మాత్రం నవ్వొచ్చింది. "కొండ సైకిలేటమ్మా? ఈ ఊళ్లో కొండేదీ?"

ఆ ప్రశ్న నవ్వుతూ అడిగిందే కానీ, కొనాలా వద్దా అనే లెక్క అక్కడే మొదలవుతుంది. భిలాయ్ ఛత్తీస్‌గఢ్ మైదానంలో పరుచుకున్న ఊరు. సెక్టర్ 7లో కల్యాణ్ కాలేజీ దగ్గర బయల్దేరి సెక్టర్ 9 ఆస్పత్రికి వెళ్లినా, సివిక్ సెంటర్‌కు వెళ్లినా చెప్పుకోదగ్గ ఎత్తు తగలదు. రైలు పట్టాలను దాటించే వంతెన ఎక్కితే తప్ప సీటు మీంచి లేచి తొక్కాల్సిన అవసరం పెద్దగా రాదు.

పైగా ఇది సైకిల్ మీద పెరిగిన ఊరు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మొదటి తరానికి తెలిసిన బండి నల్ల సైకిలే. 28 అంగుళాల చక్రాలు, చైను కవరు, వెనక క్యారియర్, దాని మీద టిఫిన్ డబ్బా. ఆ సైకిల్‌కు గేర్లు లేవని ఎవరూ బాధపడలేదు. అసలు గేర్లుంటాయన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

అందుకే గేర్లు లేకపోవడాన్ని లోపంగా లెక్కవేసే ముందు కాస్త ఆగాలి. గేర్లు లేని మౌంటెన్ బైక్‌కు ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే 26 అంగుళాల చక్రం రెండున్నర చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. అంటే బండి దాదాపు 5 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు 18 కిలోమీటర్లు. బడికి, కోచింగ్‌కు వెళ్లే పిల్లకు సమతలం మీద ఇంతకంటే అవసరం లేదు. అదే సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కాలంటే కథ మారుతుంది. గేర్ల సైకిల్‌లో ముందు, వెనక సమానంగా పళ్లుండే తేలిక గేరు వేస్తే ఒక చుట్టుకు 2 మీటర్లే కదులుతుంది. మోకాళ్ల మీద పడే భారం ఆ మేరకు తగ్గుతుంది. విశాఖలో ఉన్న మేనమామ "గేర్లు లేకుండా కొనొద్దు" అని ఫోన్లో సలహా ఇస్తే అది ఆయన ఊరికి సరైన సలహా. సెక్టర్ 7కు కాదు.

గేర్లు లేవంటే చెడిపోయే భాగాలు కూడా లేవన్నమాట. గేరు మార్చే తీగలు, వెనక వేలాడే డిరైలర్, పలచటి చైను, వీటిని సరిచేయడం ప్రతి పంక్చర్ షాపువాడికీ రాదు. మామూలు చైను, ఒక్క ఫ్రీవీల్ అయితే ఏ చెట్టు కింద మెకానిక్కయినా అరగంటలో మార్చేస్తాడు.

మౌంటెన్ బైక్ పుట్టిందే ఇలా అని చాలామందికి తెలియదు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930ల, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లను తక్కువ ధరకు కొని కొండ దారుల్లో కిందికి తోలేవాళ్లు. వాటిలో చాలా వాటికి గేర్లు లేవు. పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. 1976లో ఓ నిటారు దారిలో పందేలు మొదలయ్యాయి. ఒకసారి దిగేసరికే బ్రేకు వేడికి వెనక హబ్బులోని గ్రీజు మాడిపోయేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప బండి పనికిరాదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అన్న పేరొచ్చింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ కొండల కోసమే ప్రత్యేకంగా ఫ్రేములు తయారు చేశాడు. తర్వాత గేర్లు, షాకులు, లక్షల ధరలు వచ్చాయి. తీరా 1990లకు వచ్చేసరికి అక్కడే ఇంకో వర్గం గేర్లు పీకేసి తొక్కడం గొప్ప అనుకోవడం మొదలుపెట్టింది. వాళ్లకది సరదా. మన దేశంలో గేర్లు లేని మౌంటెన్ బైక్ ధర తగ్గించడానికి వచ్చింది. దారులు వేరైనా రెండూ చేరింది ఒక్క చోటికే. 'పాతది', 'గేర్లు లేనిది' అన్న రెండు మాటలకూ ఈ బండి సిగ్గుపడాల్సిన పనిలేదు.

అయితే కొండ కోసం పెట్టిన హంగులన్నీ మైదానంలో పనికొస్తాయనుకోవడం పొరపాటు. చవక సైకిళ్ల ముందు షాకుల్లో ఉండేది ఎక్కువగా స్ప్రింగు మాత్రమే. గుంటలో కాస్త మెత్తదనం ఇస్తుంది కానీ, గట్టిగా తొక్కినప్పుడు కాలి బలంలో కొంత తనే మింగేస్తుంది. బరువూ పెంచుతుంది. ఇలాంటి బండి సాధారణంగా 15 కిలోలు దాటుతుంది. గుబ్బల టైర్లు మట్టిలో పట్టు కోసం చేసినవి. తారు రోడ్డు మీద అవి రొద చేస్తూ బండిని వెనక్కి లాగుతాయి. టైరు మార్చాల్సిన రోజు వస్తే నున్నటిది వేయిస్తే సరి. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు చాలా మౌంటెన్ బైకులకు ఉండవు. జూన్‌లో వాన మొదలయ్యాక యూనిఫాం వీపు మీద పడే బురద గీత వీటి విలువ చెబుతుంది.

తల్లి సందేహం వేరు. "ఇంకో రెండేళ్లు ఆగితే స్కూటీ కొనొచ్చు కదా, అందాకా నాన్న స్కూటీయే తీసుకెళ్తుంది" అన్నది ఆమె వాదన. కాలనీల్లో చాలా ఇళ్లలో జరుగుతున్నదీ అదే. చట్టం ఒప్పుకోనిదీ అదే. గేర్లు లేని స్కూటర్‌ను 16 ఏళ్లకే నడపొచ్చన్న మినహాయింపు 50 సీసీ లోపు వాటికే. ఈ రోజుల్లో రోడ్డు మీద కనిపించే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైమాటే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులో, బండి యజమానో బాధ్యులు. 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బ్యాటరీ బండికి లైసెన్సు అక్కర్లేదు నిజమే. కానీ దాని ధర పాత సైకిల్ ధరకు ఎన్నో రెట్లు. కాబట్టి ఈ ఇంటి ముందున్న ప్రశ్న సైకిలా, స్కూటీయా అన్నది కాదు. అమ్మాయి రెండేళ్లు తనంతట తాను తిరుగుతుందా, లేక తండ్రి షిఫ్టు అయ్యేదాకా గుమ్మంలో ఎదురుచూస్తుందా అన్నది.

ఆ తేడా చిన్నది కాదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లకు డబ్బులివ్వడం మొదలుపెట్టింది. దాని ఫలితాలను ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కగట్టి 2017లో ప్రచురించారు. ఆ వయసు బాలికల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయి. ఈ విషయంలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ లాభం కనిపించింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇస్తూ వచ్చారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉంటే, ఈ రాష్ట్రంలో ప్రతి పది ఇళ్లలో ఏడింటిలో ఉంది.

కాబట్టి సైకిల్ కొనడం సబబే. ఈ సైకిల్ కొనాలా అన్నదే మిగిలింది.

మొదట చూడాల్సింది బండిని కాదు, ఎక్కే మనిషిని. రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి అట్టడుగుకు తొక్కితే కాలు నిటారుగా రావాలి. "పెరిగే పిల్లే కదా" అని పెద్ద సైజు యూనిఫాం కొన్నట్టు పెద్ద సైకిల్ కొంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ పిల్ల పక్కకు ఒరగాల్సి వస్తుంది. సైజు కుదరకపోతే తక్కువ ధరకు వస్తున్నా వదిలేయడమే మంచిది.

రెండోది ఫ్రేము. మిగతావన్నీ మార్చుకోవచ్చు, ఇది మార్చలేం. హ్యాండిల్ కింద, ముందు గొట్టాలు కలిసే చోట వేలితో తడమాలి. రంగు ముడతలు పడినా, సన్నటి వెంట్రుక గీత కనిపించినా బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుందని అర్థం. పెడళ్ల దగ్గరి అతుకు, సీటు కింది అతుకు కూడా అలాగే చూడాలి. కొత్తగా రంగు వేసిన పాత సైకిల్ కనిపిస్తే ముచ్చటపడే బదులు అనుమానపడాలి. ఇక్కడో తమాషా ఉంది. రైళ్లకు పట్టాలు పోసే భిలాయ్ సైకిల్ గొట్టాలు మాత్రం చేయదు. దానికి కావలసింది పలచటి ఉక్కు రేకును చుట్టి అతికిన గొట్టం. అలాంటివి చెన్నై దగ్గర ఆవడిలోని ట్యూబ్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వంటి చోట్ల తయారవుతాయి. ఎంత ఉక్కు ఊరైనా విరిగిన సైకిల్ ఫ్రేముకు వెల్డింగ్ వేయించి పిల్లకు ఇవ్వడం తెలివైన పని కాదు.

మూడోది, ఇది పుట్టుకతోనే గేర్లు లేనిదా, గేర్లు చెడిపోతే పీకేసిందా? వెనక ఇరుసు కూర్చునే గాడి చూస్తే తెలిసిపోతుంది. గేర్లు లేని సైకిల్‌కు ఆ గాడి అడ్డంగానో, ఏటవాలుగానో పొడవుగా ఉంటుంది. చైను వదులైతే చక్రాన్ని వెనక్కి జరిపి బిగించుకోవచ్చు. గాడి నిట్టనిలువుగా ఉండి, దాని పక్కన డిరైలర్ బిగించే రంధ్రం కనిపిస్తే అది గేర్ల సైకిలే. చక్రాన్ని జరిపే వీలుండదు. చైను సాగిన కొద్దీ జారిపోతుంది. కూడలి మధ్యలో చైను జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అమ్మేవాళ్లు అబద్ధం చెప్పకపోయినా ఈ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు.

నాలుగోది తిరిగే భాగాలు. చైను మీద స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ పళ్లూ అరిగిపోయి ఉంటాయి, రెండూ కలిపే మార్చాలి. చక్రాన్ని పైకెత్తి తిప్పితే రిమ్ము పక్కలకు ఊగకూడదు. కొద్దిపాటి ఊగు అయితే బెండు తీయించొచ్చు. స్పోకులు రెండు మూడు లేకపోతే మాత్రం ఆలోచించాలి. పెడల్ కాడలను పట్టుకుని పక్కకు కదిపితే లొటలొట అనకూడదు. డిస్క్ బ్రేకు పళ్లెం వంకర పోయిందేమో చూడాలి. ముందు బ్రేకు నొక్కి బండిని ముందుకు నెడితే వెనక చక్రం లేవాలి, ముందు చక్రం జరగకూడదు.

ఈ పరీక్షకు సెక్టర్ 7లో అద్దె లేకుండా దొరికే నిపుణుడు ఇంట్లోనే ఉన్నాడు. బేరింగు అరిగితే ఏ చప్పుడొస్తుందో ముప్పై ఏళ్లు విన్న చెవి ఫిట్టర్ తాతది. చక్రం తిప్పి సీటు మీద చెయ్యి పెడితే చాలు, లోపల బాల్స్ నున్నగా పరిగెడుతున్నాయో, గరగరమంటున్నాయో ఆ చేతికి తెలిసిపోతుంది. గరగరమంటే అదేం ప్రమాదం కాదు. ఓవరాయిలింగ్ చేయిస్తే పోతుంది. కానీ ఆ ఖర్చు బేరంలో తగ్గాలి.

కంపెనీ పేరు గురించి అతిగా మథనపడక్కర్లేదు. 1951లో మొదలైన అట్లాస్ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది. అంతమాత్రాన పాత అట్లాస్ కొనకూడదని కాదు. చైను, ఫ్రీవీల్, బాల్స్, ట్యూబు లాంటివి ఏ కంపెనీవైనా సైజు కలిస్తే సరిపోతాయి.

పేరు కంటే ముఖ్యం బండి ఎవరిదన్నది. సైకిల్‌కు ఆర్‌సీ పుస్తకం లేదు. సంతలోనో, రోడ్డు పక్కనో ఎవరో తెలియనివాళ్లు మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఆ చవకకు కారణం ఉండొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండీ దురుద్దేశంతో తీసుకుంటే 3 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఫ్రేము మీద, సాధారణంగా పెడళ్ల కింద, ఓ నంబరు కొట్టి ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే అక్కణ్నుంచి లేచి రావాలి. ఉంటే తెల్ల కాగితం మీద ఆ నంబరు, తేదీ, ఇచ్చిన డబ్బు, అమ్మినవాళ్ల పేరు, సంతకం రాయించుకోవాలి. రెండు వీధుల అవతలివాళ్లను ఇలా అడగడం మొహమాటమే. కానీ రేపు వాళ్లు ఊరు విడిచి వెళ్లాక చేతిలో మిగిలే రుజువు ఆ కాగితమే.

ఇక ధర. కొత్తది 7,500కు దొరుకుతుందనుకుందాం. పాతదానికి చైను, ఫ్రీవీల్, బ్రేకు తీగలు, ఓవరాయిలింగ్ కలిపి 1,200 అవుతుందని మెకానిక్ చెప్పాడనుకుందాం. మడ్‌గార్డులు, క్యారియర్ కొత్తదానికైనా విడిగానే కొనాలి కాబట్టి వాటిని రెండు వైపులా లెక్కలోంచి తీసేయాలి. హామీ లేని వస్తువు మీద బాగుచేత ఖర్చుతో కలిపి కొత్తదాని ధరలో సగం మించకూడదన్నది మంచి కట్టుబాటు. సగం అంటే 3,750. అందులోంచి 1,200 పోతే 2,550. అమ్మేవాళ్లు పాత బిల్లు చూపించి "ఇంత పెట్టి కొన్నాం" అంటే ఒక సంగతి గుర్తు చేయాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. పోల్చాల్సింది వాళ్లు అప్పుడిచ్చిన ధరతో కాదు, షాపులో ఇవాళ ఉన్న ధరతో.

ఈ లెక్కన 3,000 ఎక్కువే. 2,550 లోపు దిగితే, సైజు కుదిరి, ఫ్రేము మీద ముడత లేక, గాడి పొడవుగా ఉండి, కాగితం మీద సంతకం పడితే కొనొచ్చు. ఇందులో ధర ఒక్కటే కుదరకపోతే ఇంకో వారం ఆగొచ్చు. ఇంకో క్వార్టర్ ముందు లారీ ఆగకపోదు. ఫ్రేము విషయంలో తేడా ఉంటే మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

రెండేళ్ల తర్వాత అమ్మాయి పన్నెండు ముగించి బయల్దేరే నాటికి ఆ సైకిల్ మళ్లీ ఓ వరండాలో గోడకు ఆని ఉంటుంది. అప్పుడు దాన్ని చూడ్డానికి వచ్చిన వాళ్ల తాత కూడా ఈ ఊళ్లో కొండేదని అడుగుతారు. అమ్మాయి దగ్గర అప్పటికి జవాబు ఉంటుంది. ఆ సైకిల్ కొండ ఎక్కలేదు, బడికీ కోచింగ్‌కూ వెళ్లొచ్చింది. ఆ రెండేళ్లూ ఎవరి షిఫ్టు కోసమూ ఆగలేదు.